పడని బండకు సాక్ష్యం

జూలూరుపాడు వైపు ఒక సర్కారు బడిలో పదకొండేళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ప్రతి ఏడాదీ హిమాలయాల పాఠం వస్తుంది. బయట మిరప కల్లాల ఘాటుకు పిల్లలు తుమ్ముతుంటే, నేను నుదుటి చెమట తుడుచుకుంటూ మంచు చరియలు ఎలా విరిగిపడతాయో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతాను. నిజం చెప్పాలంటే నేనెరిగిన మంచు మా పాత ఫ్రిజ్ పై అరలో పేరుకునేది ఒక్కటే. ఆ సిగ్గు కొన్నాళ్లుగా లోపల గిల్లుతూనే ఉంది. అందుకే మొన్న జనవరి సెలవుల్లో ఉత్తరాది మంచు కొండల్లో మూడు రోజుల నడకకు పేరు రాయించుకున్నాను.

ఒక్కదాన్నే పోదామనుకున్నాను. నాయినకు చెబితే వద్దంటాడని భయపడ్డాను. ఆయన వద్దనలేదు సరికదా, "నేను గూడ వస్త" అన్నాడు.

"గక్కడి చలికి నువ్వు తట్టుకుంటవా నాయినా?"

"అడవిల పుట్టిన. బాయిల బతికిన. ఇగ మంచొక్కటే సూడలే. సూస్త."

మా నాయినకు అరవై మూడేళ్లు. దుమ్ముగూడెం అవతల అడవి అంచు పల్లెలో పుట్టి, ఇరవై ఆరేళ్లకు బొగ్గుబావిలో చేరి, ముప్పై నాలుగేళ్లు భూమి కింద పనిచేసి రిటైరయ్యాడు. అందులో ఎక్కువ కాలం సర్దారు. పేరు విని పెద్ద దర్జా ఉద్యోగమనుకోవద్దు. బావిలో కూలీలు పనిచోటికి పోకముందే సర్దారు పోవాలి. పైనున్న బండ నిలుస్తుందా, రాలుతుందా అని చూడాలి. చూసి "రాండ్రి" అనాలి, లేదంటే "రావొద్దు" అనాలి. ఆయన చేతిలో ఒక పొడుగాటి కర్ర ఉండేది, కొసకు ఇనుప తొడుగు. ఒక చేత్తో కర్రతో బండను తట్టి, రెండో అరచేయి బండకు ఆనించేవాడు. గట్టి బండ కణకణమంటుంది. పొర విడిచిన బండ డొల్లగా పలుకుతుంది, అరచేతికి సన్నటి అదురు తెలుస్తుంది.

అలవాటు ఇంటికీ వచ్చింది. గోడలు తట్టేవాడు, కుండలు తట్టేవాడు, కొత్త తలుపు పెట్టిస్తే వడ్రంగి ముందే తట్టి అతని పరువు తీసేవాడు. "పెండ్లిసూపులల్ల నన్ను తట్టి సూడలే, గదే నయం" అని మా అమ్మ అనేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు జరిగింది చెప్పాలి. ఒకరోజు ఆయన బావిలో ఒక దారిని ఆపేశాడు. లోపల బండ డొల్లగా ఉందన్నాడు. పైవాళ్లు వచ్చి చూశారు, కంటికి ఒక్క పగులూ కనబడలేదు. కూలీలు విసుక్కున్నారు. పని ఆగితే వాళ్లకే నష్టం మరి. నాయిన ఆ దారి మొగదల కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మూడు షిఫ్టులు ఎవరినీ పోనివ్వలేదు. తన డ్యూటీ దిగేటప్పుడు వచ్చే సర్దారుకు ఒట్టు పెట్టి మరీ అప్పజెప్పాడట. చివరకు అక్కడ అదనంగా దుంగల ఆధారాలు నిలబెట్టి, ఆ తర్వాతే పని మొదలుపెట్టారు.

ఆ బండ పడలేదు. అదే మా ఇంటికొచ్చిన చిక్కు.

పడి ఉంటే నాయిన దేవుడయ్యేవాడు. కాలనీలో దండలు వేసేవారు. పడలేదు కాబట్టి "భయం సర్దార్" అయ్యాడు. నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు నన్ను చూసి ముసిముసిగా నవ్వేవారు. బడిలో ఒకమ్మాయి తన నోట్‌బుక్కు తట్టి చెవి దగ్గర పెట్టుకుని, "ఇది డొల్ల, ఇయ్యాల హోంవర్క్ చెయ్యొద్దు" అంది. క్లాసంతా పడిపడి నవ్వింది. నేను ఇంటికొచ్చి అన్నం తినకుండా అడిగాను.

"నాయినా, నీకు నిజంగనే భయమా?"

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉంది. "అవ్ బిడ్డా, భయమే" అన్నాడు. మళ్లీ తినసాగాడు.

కాదంటాడని ఎదురుచూశాను. నాలుగు మాటలు గట్టిగా చెబుతాడని, మరునాడు నేను వాటిని ఆ అమ్మాయి మొహాన కొట్టొచ్చని. ఆ "అవ్" నాకు చాలా ఏళ్లు మింగుడుపడలేదు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు, కానీ నాయిన మీది కోపం ముక్కు మీద కాక కడుపులో ఉండిపోయింది.

సరే, కొత్తగూడెంలో రైలెక్కి, ఢిల్లీలో దిగి, బస్సు మీద బస్సు మారి, రోడ్డు ఆగిపోయే ఊరికి చేరాం. అక్కడ మాకు దారి చూపడానికి కుదిరిన మనిషి కూడా నాయిన వయసువాడే. సన్నగా ఎండుకర్రలా ఉన్నాడు, మాట తక్కువ. నాయినకు బావిలో నేర్చిన హిందీ ఉంది. అందులో నాలుగు రాష్ట్రాల యాస కలిసి ఉంటుంది. ఆ హిందీతో ఆయన ఎవరితోనైనా మాట్లాడగలడు, అవతలివాళ్లకు అర్థమవుతుందా లేదా అన్న బెంగ ఆయనకు ఎన్నడూ లేదు.

బయలుదేరేముందు ఆ గైడు మా ఇద్దరి ఛాతీకీ చెరొక చిన్న యంత్రం కట్టాడు. మంచు కింద కూరుకుపోతే మిగిలినవాళ్లు వెతికి పట్టుకోవడానికట. తన సంచిలో పార ఒకటి, మడిచి పెట్టిన పొడుగు కడ్డీ ఒకటి ఉన్నాయి. నాయిన ఆ మూడింటినీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసి, "మంచి పనిమంతుడే" అన్నాడు నాతో. మా నాయిన నోట ఆ మాట రావడం అంత సులువు కాదు. నా పెళ్లిలో వంటమేస్త్రీకి కూడా దక్కలేదు.

మొదటిరోజు దేవదారు అడవిలోంచి ఎక్కి, ఒక బోడి వాలును అడ్డంగా దాటి, కొండ మీది మైదానంలోని రాతి గుడిసెకు చేరాం. రెండోరోజంతా మంచులో తిరిగాం. దాని గురించి ఏం చెప్పను? పదకొండేళ్లు బొమ్మ గీసినదాని మీద నిలబడ్డాను. పిల్లలకు ఎన్ని తప్పులు చెప్పానో తలచుకుని నవ్వుకున్నాను. నాయిన మాత్రం మంచును గుప్పిట్లోకి తీసుకుని పిండి చూశాడు, వాసన చూశాడు, కాస్త నోట్లో వేసుకున్నాడు. ఆ రాత్రంతా గాలి వీస్తూనే ఉంది, మంచు పడుతూనే ఉంది.

మూడోరోజు తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఎండ మిలమిలలాడుతోంది. ఆ రోజే దిగాలి, మరునాడు బస్సు, ఆ పైన రైలు. నేను సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాను. గైడు కదల్లేదు. ఈ రోజు దిగడం కుదరదన్నాడు.

"ఎందుకు? మబ్బు కూడా లేదు కదా" అన్నాను హిందీలో.

మబ్బు లేకపోవడమే చిక్కు అన్నాడాయన. మంచు తుఫానులో ఎవరూ బయటికి పోరు. తెల్లారి ఎండ చూసి మురిసి బయలుదేరతారు, అప్పుడే చస్తారు. రాత్రి గాలి కొండ అవతలి మంచునంతా ఊడ్చి తెచ్చి ఇవతలి వాలు మీద పోసిందట. మేము వచ్చిన బోడి వాలు ఇప్పుడు అంతకుముందు మోయని బరువు మోస్తోందట.

నేను ఊరుకునే రకం కాదు. గుడిసె పక్కన ఆ వాలుకు తమ్ముడిలాంటి చిన్న గట్టు ఉంది, ఎత్తు ఛాతీ దాకా. ముందు దాని మీదికెక్కి కాలితో తొక్కాను. అడుగు దిగలేదు. పైన గచ్చు చేసినంత గట్టిగా ఉంది. "చూడండి, మనిషిని మోస్తోంది!" అన్నాను గెలిచినట్టు.

నాయిన వచ్చి పక్కన వంగాడు. చేతికర్రతో ఆ మంచును మెల్లగా తట్టాడు. రెండోసారి తట్టాడు. మూడోసారి చేతి తొడుగు తీసేసి అరచేయి ఆనించి తట్టాడు.

"డొల్ల" అన్నాడు.

ఆ మాట గైడుకు రాదు. కానీ చప్పుడు ఆయన కూడా విన్నాడు. ఇద్దరు ముసలివాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వరుసలు కలిసినట్టు ఇద్దరూ తలాడించారు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు ఏడికొచ్చినా గిదేనా నాయినా?" అన్నాను. "ఏడ చూసినా డొల్లేనా నీకు? రైలు పోతది, సెలవు అయిపోతది, బడిల నాకేం మాటొస్తదో ఎర్కేనా?"

ఆయన చేతి తొడుగు మళ్లీ తొడుక్కున్నాడు. అమ్మ పోయాక ఆయనను అంత మాట అనడం అదే మొదలు. అన్న మరుక్షణమే నాలుక కొరుక్కున్నాను, కానీ జారిన మాటను ఎవరు ఎత్తుతారు?

గైడు కోప్పడలేదు. "రండి టీచర్ గారూ, చూపిస్తాను" అని పార తీసుకుని ఆ గట్టులోనే ఛాతీ లోతు గుంత తవ్వాడు. గుంత గోడ నున్నగా చెక్కాడు. అప్పుడు చూశాను, మంచు ఒక్కటి కాదు. పొరలు పొరలుగా ఉంది. పైన జానెడున్నర గట్టి పొర. దాని కింద ఒక పొరను వేలితో గీస్తే చక్కెరలా జలజలా రాలింది. దాని కింద మళ్లీ గట్టిది. గైడు ఒక్కొక్క పొరలోకీ పిడికిలి పోతుందా, వేళ్లు పోతాయా, ఒక్క వేలే పోతుందా అని నెట్టి చూపించాడు. చక్కెర పొరలోకి పిడికిలి మొత్తం దిగిపోయింది.

నాయిన గుంతలోకి దిగి ఆ గీత దగ్గర మొహం పెట్టాడు. "గిదే బిడ్డా. బాయిల బొగ్గుకు, పైబండకు నడ్మ సన్నటి మట్టి పొర ఉంటది. కంటికి ఆనది. బండ గాడనే ఇడుస్తది" అన్నాడు. ఆ గొంతులో నా మీద కోపం లేదు. పాత స్నేహితుణ్ణి పరాయి ఊళ్లో చూసినవాడి సంబరం ఉంది.

తర్వాత గైడు మంచులో ఒక నిలువు స్తంభాన్ని మూడు వైపులా కోసి విడదీశాడు. దాని నెత్తిన పార రేకును బోర్లించి తట్టడం మొదలుపెట్టాడు. మొదట మణికట్టు కదిపి పదిసార్లు, మెత్తగా. ఏమీ కాలేదు. తర్వాత మోచేయి నుంచి. ఒకటి, రెండు. మూడో దెబ్బకు పైనున్న గట్టి పొర మొత్తం, అంచులు చెదరకుండా, బీరువా సొరుగులా ముందుకు జారి నాయిన ఒళ్లో పడింది.

నేను గచ్చనుకుని తొక్కినది అదే. నా బరువును మోసినంత మాత్రాన అది నాకు మాటిచ్చినట్టు కాదు. గుంత అంచునే కూలబడ్డాను.

"ఇప్పుడు మనం పోకపోతే, ఆ పెద్ద వాలు ఈ రోజు విరగకపోతే, మీరు నన్ను పిరికివాడంటారు. అనండి. చాలామంది అన్నారు" అన్నాడు గైడు నవ్వుతూ.

నాయిన ఆయన భుజం మీద చెయ్యేశాడు. తన నాలుగు రాష్ట్రాల హిందీలో అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "పడ్డ బండకు ఊరంత సాక్ష్యం చెప్తది భాయీ. పడని బండకు ఎవడు చెప్తడు?"

ఆ పగలంతా గుడిసె ముందు కూర్చున్నాం. వాళ్లిద్దరూ పనివాళ్ల మాటలు మాట్లాడుకున్నారు. ఎన్నిసార్లు ఆపారో, ఎవరెవరు తిట్టారో చెప్పుకుని నవ్వుకున్నారు. నేను టీ కాచి పోస్తూ విన్నాను. నాయిన కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆ మూడు షిఫ్టుల సంగతి అప్పుడే మొదటిసారి పూర్తిగా విన్నాను. ఆ దారిలోకి పోవాల్సినవాళ్లు పదకొండు మంది. వాళ్లందరి పేర్లూ, వాళ్ల పిల్లల పేర్లూ ఆయనకు ఇంకా గుర్తున్నాయి. అందరూ రిటైరై ఇళ్లల్లో ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పటికీ ఆయనను భయం సర్దారనే పిలుస్తారు, పిలవడానికి బతికి ఉన్నారు. నా తండ్రి ఎంత గొప్పవాడో నాకు తెలియడానికి రెండు రోజుల రైలు ప్రయాణం, ఛాతీ లోతు గుంత కావాల్సి వచ్చింది. ఇంతకన్నా మందబుద్ధి పిల్ల నా క్లాసులో ఒక్కతీ లేదు.

నాలుగోరోజు పొద్దు పొడవకముందే కదిలాం. మొదట వచ్చిన వాలు జోలికి గైడు పోలేదు. చెట్లు దట్టంగా ఉన్న గట్టు మీదుగా దించాడు. రెండుచోట్ల ఆగి గుంతలు తవ్వి చూశాడు, కడ్డీ దింపి చూశాడు. అటువైపు గాలి మంచు అంత చేరలేదు, వాలు కూడా తక్కువే. కానీ ఒకచోట చెట్లు లేని సన్నటి చీలిక అడ్డం వచ్చింది. నలభై అడుగులు ఉంటుంది. కింది నుంచి చుట్టు తిరిగితే పొద్దెక్కుతుంది. ఎండ తగలకముందే దాటాలి, ఒక్కొక్కరే దాటాలి అన్నాడు. ముందు తను, తర్వాత నేను, నేను అవతలి చెట్టు పట్టుకున్నాకే నాయిన.

అక్కడ నాయిన అడ్డం తిరిగాడు.

"ఒక్కదాన్ని పంపుతరా? బాయిల ఒక్కన్ని ఎన్నడు పంపం. జోడు లేకుంట మనిషి అడుగు పెట్టడు."

గైడు ఓపిగ్గా చెప్పాడు. బావిలో బండ తన బరువుకు తనే పడుతుంది. ఇక్కడ మన బరువే దాన్ని పిలుస్తుంది. ఇద్దరు పోతే రెండింతల బరువు. ఒకవేళ జారితే కూరుకునేది ఒక్కరే కావాలి, తవ్వి తీయడానికి మిగతావాళ్లు బయట ఉండాలి. నాయిన తలూపాడు. ఆ తల ఊపడంలో ఒప్పుకోలు లేదని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అలాగే ఊపుతాను.

గైడు దాటాడు. నేను అతని అడుగుల్లోనే అడుగేస్తూ బయలుదేరాను. ఇరవై అడుగులు వేసి ఉంటాను. కాళ్ల కింద ధుమ్ మని ఒక మోత వచ్చింది. చెవికి కాదు, కడుపుకు వినబడింది. మంచు వేలెడు మేర కిందికి కుంగింది. నా పైన ఒక సన్నటి పగులు గీత సర్రున పక్కకు పోయింది.

నేను కొయ్యబారిపోయాను. గైడు అవతలి నుంచి చెయ్యి చూపిస్తున్నాడు, మెల్లగా రమ్మని. ఇంతలో వెనక చప్పుడైంది. తల తిప్పి చూస్తే నాయిన.

కర్ర పక్కన పడేశాడు. ఒక కాలు వాలులో పెట్టేశాడు. మొహంలో భయం లేదు, అసలు ఏమీ లేదు. బావిలో బండ మాట్లాడితే సర్దారు లోపలికి ఉరుకుతాడు, తన మనిషిని పట్టుకుని లాక్కొస్తాడు. ముప్పై నాలుగేళ్లు ఆ కాళ్లు నేర్చింది అదొక్కటే. అవి ఆయనను అడగకుండానే కదిలాయి.

గైడు హిందీలో అరుస్తున్నాడు. నాయిన వినడం లేదు.

"నాయినా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "రాకు! నువ్వొస్తే ఇద్దరం పోతం! నిలబడు! ఆడ్నే నిలబడు!"

ఆయన నన్నే చూస్తున్నాడు. నేను వేలు చూపించి, క్లాసులో మొండి పిల్లలను గదమాయించినట్టు మళ్లీ అరిచాను. ఎంతసేపైందో తెలియదు. ఆ కాలును ఆయన మెల్లగా, తన అడుగు గుర్తులోంచే, వెనక్కి తీసుకున్నాడు.

నేను మిగిలిన అడుగులు వేశాను. మంచు జారలేదు. చెట్టు పట్టుకున్నాక గైడు నా భుజం గట్టిగా పట్టుకుని, తర్వాత నాయినకు సైగ చేశాడు. ఆ మోత తర్వాత అదే గీతలో రానివ్వలేదు. ఇంకొంత కిందికి, చెట్లు దగ్గరపడేచోటు నుంచి చుట్టు తిప్పి రప్పించాడు. నాయిన ఒక్కడే వచ్చాడు, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ. నేను చెట్టు బెరడులో గోళ్లు దిగేలా పట్టుకుని ఆయన అడుగులు లెక్కపెట్టాను. ఒక్కరు దాటుతుంటే బయట నిలబడి చూడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

చేరాక ఆయన చెట్టు వేరు మీద కూర్చున్నాడు. గైడు నీళ్లిచ్చాడు. తాగలేదు.

"బండ మాట్లాడినంక ఎవ్వన్నీ లోపల ఇడ్సి బయట నిలవడలే బిడ్డా, ఎన్నడు" అన్నాడు. "ఇయ్యాల నిన్ను ఇడ్సి నిలవడ్డ."

"నువ్వు నిలవడ్డవు గాబట్టే నేను నడ్సిన నాయినా."

ఆయన అవతల తను కాలు పెట్టి తీసిన గుర్తు వైపు చూశాడు.

"రెండో కాలు గూడ లేపిన" అన్నాడు మెల్లగా. "నువ్వు ఒర్రకపోతే వస్తుంటి."